పాత ట్రాక్టరుకు డీజిలు అందనప్పుడు: లోపమును వరుసగా వెదకి సరిచేయు విధానము

తొలకరి వానకు నేల పదునెక్కిన తరువాత దుక్కికి మిగులు రోజులు చాల తక్కువ. చల్క నేలలలో ఆ పదును కొద్ది రోజులకే ఆరిపోవును. మాగాణిలో కాలువ నీరు వచ్చిన తరువాత దమ్ము ఆలస్యమైనచో నారుమడిలో నారు ముదురును; ముదిరిన నారు నాటినచో పిలకలు తగ్గును, దిగుబడియు తగ్గును. ఇట్టి సమయమున ట్రాక్టరు ఆగిపోయినచో నష్టము యజమాని ఒక్కనిదే కాదు. ఆ బండి కొఱకు వరుసలో కాచుకొనియున్న పది కుటుంబముల సేద్యము కూడ ఆగును.

పాత డీజిలు ట్రాక్టర్లు పని మధ్యలో ఆగుటకు చాల సందర్భములలో కారణము ఇంజను అరుగుదల కాదు. ఇంజనుకు డీజిలు సరిగా అందకపోవుటయే. అయినను బండి ఆగినవెంటనే "పంపు పోయినది" అని నిశ్చయించుకొని, ఇంజెక్షన్ పంపును విప్పించి పట్టణమునకు పంపుట పలు గ్రామములలో కనిపించు అలవాటు. పంపు మరమ్మతు ఖర్చుతో కూడినది, రోజులు పట్టునది. తీరా చూచినచో లోపము పంపుకు ముందే, ట్యాంకు మూతలోనో, ఫిల్టరులోనో, ఒక చిన్న రాగి వాషరులోనో ఉండుట కద్దు.

కావున రైతులు గుర్తుంచుకొనవలసిన సూత్రము ఒక్కటే. డీజిలు ట్యాంకునుండి బయలుదేరి నాజిల్ చేరువరకు నడచు దారిని మొదటినుండి చివరివరకు వరుసగా పరీక్షించవలెను. ఒక మెట్టు బాగున్నదని రూఢి చేసికొనిన తరువాతనే రెండవ మెట్టునకు పోవలెను. పంపును విప్పుట ఆఖరి పని కావలెను గాని మొదటి పని కారాదు.

ఈ వ్యాసము ఏ బండ్లకు వర్తించును?

ఇందు చెప్పబడిన విషయములు యాంత్రికమైన ఇంజెక్షన్ పంపు గల పాత ట్రాక్టర్లకు వర్తించును. మన పొలములలో నేటికిని పనిచేయుచున్న పాత బండ్లలో అధిక భాగము ఈ రకమునకు చెందినవే. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరినుండి క్రొత్త కాలుష్య నిబంధనలు అమలులోనికి వచ్చినందున, అట్టి క్రొత్త బండ్లలో కంప్యూటరుతో నడచు కామన్ రైలు పద్ధతి వచ్చినది. దానిలో ఒత్తిడి మిక్కిలి ఎక్కువ. అట్టి బండి గొట్టములను రైతు స్వయముగా వదులు చేయరాదు. శిక్షణ పొందిన మెకానిక్కునకే అప్పగించవలెను.

డీజిలు నడచు దారి

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనులో అది లేదు. సిలిండరులోని గాలిని పిస్టను గట్టిగా అదిమినప్పుడు ఆ గాలి మిక్కిలి వేడెక్కును. సరిగా ఆ క్షణమున డీజిలును సన్నని తుంపరగా చిమ్మినచో అది తనంతట అంటుకొనును. ఈ పని జరుగుటకు డీజిలు ఈ క్రింది దారిన నడచును.

ట్యాంకు – ట్యాంకు కొళాయి – మడ్డి దిగు గిన్నె – ఫీడ్ పంపు – మొదటి ఫిల్టరు – రెండవ ఫిల్టరు – ఇంజెక్షన్ పంపు – ఉక్కు గొట్టములు – నాజిళ్లు. నాజిళ్లవద్ద మిగిలిన కొద్ది డీజిలు సన్నని గొట్టము గుండ తిరిగి ట్యాంకునకో, ఫిల్టరునకో పోవును. కొన్ని బండ్లలో గిన్నె ఫీడ్ పంపుతో కలిసియుండును. కొన్నింటిలో ఫిల్టరు ఒక్కటే ఉండును. మీ బండికి సంబంధించిన క్రమమును చేతిపుస్తకములో చూచి గుర్తించుడు.

ఈ దారిలో రెండు భాగములు గలవు. ట్యాంకునుండి ఇంజెక్షన్ పంపు వరకు ఒత్తిడి చాల తక్కువ. పంపునుండి నాజిల్ వరకు ఒత్తిడి మిక్కిలి ఎక్కువ; పాత బండ్లలో సహితము నాజిల్ తెరచుకొనుటకు చదరపు సెంటీమీటరునకు సుమారు 170 నుండి 250 కిలోగ్రాముల ఒత్తిడి కావలెను. మొదటి భాగము రైతు స్వయముగా చూచుకొనదగినది. రెండవ భాగము మెకానిక్కు పని. అదృష్టవశమున తరచుగా వచ్చు లోపములు మొదటి భాగములోనివే.

ఒక చుక్కలో సగము

డీజిలు విషయములో ఇంత శుభ్రత ఎందుకని కొందరు అడుగుదురు. ఈ చిన్న లెక్క చూడుడు. మూడు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. రెండు చుట్లకొకసారి ఒక్కొక్క సిలిండరులో డీజిలు పడవలెను. అనగా మూడింటికి కలిపి నిమిషమునకు 3,000 సార్లు, గంటకు 1,80,000 సార్లు పడును. ఆ ఇంజనుకు గంటకు 5 లీటర్లు ఖర్చగుచున్నచో, ఒక్కసారికి పడునది మిల్లీలీటరులో నూరింట మూడు వంతులకన్న కొంచెము తక్కువ. అది నీటిచుక్కలో సుమారు సగము.

ఆ సగము చుక్కను కొలిచి పంపుటకు పంపులోని భాగములు వెండ్రుక మందములో ఇరువదవ వంతు కూడ సందు లేనంత దగ్గరగా అరగదీయబడియుండును. అందులోనికి పోయిన సన్నని దుమ్ము ఆకురాయి వలె పనిచేయును. నీరు పోయినచో త్రుప్పు పట్టించును. గాలి పోయినచో ఆ గాలి అణగును గాని ఒత్తిడి పుట్టదు, నాజిల్ తెరచుకొనదు. కావుననే గాలి, నీరు, మురికి అను మూడింటిని డీజిలు ఇంజనుకు మూడు శత్రువులనవచ్చును.

పనికి పూనుకొనుటకు ముందు

బండిని చదునైన చోట నిలిపి, గేరును న్యూట్రల్ లో ఉంచి, చేతిబ్రేకు వేయవలెను. చుట్ట, బీడి ఆర్పివేయవలెను. పంచె చెంగు, తువాలు వ్రేలాడకుండ కట్టుకొనవలెను. ఇంజను వేడిగా నున్నప్పుడు పొగగొట్టముపై డీజిలు పడకుండ చూడవలెను. విప్పదలచిన బిగింపు చుట్టు నున్న మట్టిని బ్రష్షుతో డీజిలు రాసి కడిగి, శుభ్రమైన నూలుగుడ్డతో తుడువవలెను. దూదివంటి వేస్టుతో తుడిచినచో పీచులు లోనికి పోవును. కడుగని బిగింపును విప్పినచో లోపము తీయబోయి దుమ్మును లోనికి పంపినట్లగును.

అన్నింటికంటె ముందు మూడు చిన్న విషయములు చూడుడు. ట్యాంకులో డీజిలు ఉన్నదా? కొళాయి పూర్తిగా తెరచియున్నదా? ఇంజను ఆపు కడ్డీ లోనికి పూర్తిగా తిరిగి వచ్చినదా? ఆ కడ్డీ తీగ త్రుప్పుపట్టి మధ్యలో ఆగినచో, పంపు బాగున్నను డీజిలు వదలదు. అట్టిచో తీగకు రెండు చుక్కల నూనె వేసినచో చాలును.

మొదటి మెట్టు: ట్యాంకు, మూత

ట్యాంకులో డీజిలు తగ్గినకొలది ఆ చోటునకు బయటి గాలి పోవలెను. అందుకే మూతలో సన్నని రంధ్రము ఉంచబడినది. అది మట్టితో పూడినచో ట్యాంకులో గాలి కొఱవడి, డీజిలు క్రిందికి దిగదు. ఇంజను కొంతసేపు బాగుగానే నడచి, క్రమముగా బలము తగ్గి ఆగును. కొంతసేపు ఊరకున్నచో మరల నడచును.

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామములో దమ్ము రోజులలో ఇట్టి బండిని చూచితిని. ముప్పావు గంటకొకసారి ఆగుచుండెను. రెండు ఫిల్టర్లు మార్చిరి. ఇంజను వేడెక్కుటయే కారణమని ఒకరు, పంపు అరిగినదని మరొకరు అనిరి. మరునాడు పంపును విప్పి పంపుటకు ఏర్పాటు జరిగినది. బండి ఆగినవెంటనే ట్యాంకు మూతను వదులు చేయించగా బుస్సుమని గాలి లోనికి పీల్చుకొన్న శబ్దము వినబడినది. ఇంజను వెంటనే అందుకొన్నది. మూత రంధ్రములో దమ్ము బురద ఎండి గట్టిపడియుండెను. సన్నని తీగతో పొడిచి, డీజిలుతో కడిగిన తరువాత ఆ బండి ప్రొద్దు గుంకువరకు ఆగలేదు. ఈ పరీక్షకు పానా కూడ అక్కరలేదు. కొంతసేపు నడచి ఆగు బండికి మొట్టమొదట చేయవలసినది ఇదియే.

మూత వదులు చేసినను గుణము కనిపించనిచో, ట్యాంకు అడుగున చెత్త చేరి కొళాయి నోటిని మూయుచున్నదేమో చూడవలెను. ట్యాంకు ఫీడ్ పంపుకంటె ఎత్తున నున్న బండ్లలో, ఫీడ్ పంపు వద్దకు వచ్చు గొట్టమును విప్పి, కొళాయి తెరచి, క్రింద శుభ్రమైన పాత్ర పట్టుడు. డీజిలు నిండు ధారగా పడవలెను. మొదట ధారగా వచ్చి పిదప సన్నగిల్లినచో ట్యాంకులోనో, గొట్టములోనో అడ్డు ఉన్నది.

రెండవ మెట్టు: నీరు, మడ్డి

నీరు డీజిలుకంటె బరువైనది; అడుగున చేరును. సగము ఖాళీగా నున్న ట్యాంకులోని గాలియందలి తేమ రాత్రి చలికి చుక్కలుగా మారి డీజిలులో కలియును. అందుచేత పని ముగిసిన తరువాత సాయంకాలమే ట్యాంకు నింపి ఉంచుట మేలు.

ప్రతి ఉదయము ఇంజను నడుపుటకు ముందు మడ్డి దిగు గిన్నెను చూడవలెను. అది గాజుదైనచో నీరు అడుగున వేరు పొరగా కనిపించును. అడుగు స్క్రూ వదులు చేసి నీరు పోవువరకు వదలవలెను. గిన్నెలో గాని, ట్యాంకు అడుగున గాని నల్లని జిగురు కనిపించినచో, అది నీరు, డీజిలు కలియు చోట పెరుగు సూక్ష్మజీవుల మడ్డి. అట్టి ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, దింపి, డీజిలుతో కడుగవలెను. ఆ మడ్డి ఉన్నంతకాలము క్రొత్త ఫిల్టర్లు కూడ త్వరలోనే మూసుకొనిపోవును.

మూడవ మెట్టు: ఫీడ్ పంపు

ఫీడ్ పంపునుండి ఫిల్టరునకు పోవు గొట్టమును వదులు చేసి, చేతిమీటను ఆడించి చూడుడు. ఆడించిన ప్రతిసారి డీజిలు బలముగా ఉబికి రావలెను. మీట ఏ బరువు లేకుండ ఊగుచున్నచో, ఇంజనును ఒక అరచుట్టు త్రిప్పి మరల చూడవలెను. లోపలి కామ్ ఎత్తున నున్నప్పుడు మీట పనిచేయదు. అప్పటికిని రానిచో లోపలి వాల్వులలో మురికి గాని, డయాఫ్రము చినుగుట గాని జరిగియుండును.

డయాఫ్రము చినిగినచో మరొక ప్రమాదము గలదు. ఇంజను ప్రక్కన అమర్చిన ఫీడ్ పంపులనుండి డీజిలు ఇంజను ఆయిలులోనికి దిగును. డిప్ స్టిక్ పై ఆయిలు మట్టము తగ్గుటకు బదులు పెరిగినచో, వ్రేళ్ల మధ్య పలుచగా తోచి డీజిలు వాసన వచ్చినచో, ఇంజనును ఇక నడుపరాదు. పలుచనైన ఆయిలు బేరింగులను కాపాడలేదు. చిన్న రబ్బరు పొర చినిగినందుకు ఇంజను మొత్తము పాడగును. లోపము సరిచేసి, ఆయిలును, ఆయిలు ఫిల్టరును మార్చిన తరువాతనే బండి నడుపవలెను.

నాలుగవ మెట్టు: ఫిల్టర్లు

ఇంజను ఊరక నడచినప్పుడు బాగుండి, నాగలి దింపగానే గుంజలేక పడిపోవుట మూసుకొనిపోయిన ఫిల్టరుకు సాధారణ గుర్తు. ఊరక నడచునప్పుడు కావలసిన డీజిలు తక్కువ. బరువు పడినప్పుడు కావలసినంత రాదు.

కాగితపు ఫిల్టరును పెట్రోలుతోనో, డీజిలుతోనో కడిగి మరల వేయుట కొందరి అలవాటు. ఇది పొదుపు కాదు. కడుగునప్పుడు కాగితపు రంధ్రములు సాగును, లేదా చినుగును. మురికి నేరుగా పంపును చేరును. ఫిల్టరు వెల కొద్దిపాటిది. పంపు మరమ్మతు ఖర్చుతో పోల్చదగినది కాదు. చేతిపుస్తకములో చెప్పిన గంటలకు ఫిల్టరు మార్చవలెను. దుమ్ములో, దమ్ములో ఎక్కువగా పనిచేయు బండికి ఇంకను ముందే మార్చుట మంచిది. మార్చునప్పుడు రబ్బరు వలయము కూడ క్రొత్తది వేయవలెను.

ఐదవ మెట్టు: ఎయిరు తీయుట

డీజిలు పూర్తిగా అయిపోయినప్పుడు, ఫిల్టరు మార్చినప్పుడు, ఏ గొట్టమైనను విప్పినప్పుడు దారిలో గాలి చేరును. దీనినే మెకానిక్కులు "ఎయిరు పట్టినది" అందురు. తీయు విధానము ఇది.

1. ట్యాంకులో సగమునకు తగ్గకుండ డీజిలు ఉంచి కొళాయి తెరువవలెను.

2. మొదటి ఫిల్టరుపై నున్న ఎయిరు స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు చేతిమీటను ఆడించవలెను. మొదట నురుగు, బుడగలు వచ్చును. బుడగలు లేని స్వచ్ఛమైన డీజిలు వచ్చుచుండగానే స్క్రూ బిగించవలెను.

3. రెండవ ఫిల్టరువద్ద ఇదేవిధముగా చేయవలెను.

4. ఇంజెక్షన్ పంపుపై నున్న ఎయిరు స్క్రూవద్ద మరల అట్లే చేయవలెను.

5. ఇప్పుడు ఇంజను నడుపుటకు ప్రయత్నించవలెను. స్టార్టరును ఒకేసారి 10 సెకనులకు మించి త్రిప్పరాదు. మధ్య ఒక నిమిషము విరామమియ్యవలెను. లేనిచో స్టార్టరు, బ్యాటరీ రెండును చెడును.

6. అప్పటికిని అందుకొననిచో ఉక్కు గొట్టములలో గాలి మిగిలియుండును. యాక్సిలరేటరును పూర్తిగా ఇచ్చి, నాజిళ్లవద్ద బిగింపులను ఒక చుట్టు మాత్రమే వదులు చేసి, గుడ్డ కప్పి, స్టార్టరు త్రిప్పవలెను. డీజిలు కనిపించగానే స్టార్టరును ఆపి బిగించవలెను. ఈ పనిలో చేతులు, ముఖము దూరముగా ఉంచవలెను. అలవాటు లేనివారు ఈ ఆరవ పనిని మెకానిక్కునకు వదలివేయుట క్షేమము.

ఎయిరు తీసిన బండికి మరునాడే మరల ఎయిరు పట్టుచున్నచో, గాలి ఎచ్చటనో లోనికి వచ్చుచున్నదన్నమాట. ఇచ్చట ఒక కిటుకు తెలిసియుండవలెను. ఫీడ్ పంపు దాటిన తరువాత బిగింపు వదులైనచో డీజిలు బయటికి కారును, కంటికి కనిపించును. ఫీడ్ పంపుకు ముందున్న బిగింపు వదులైనచో, ఇంజను నడచునప్పుడు డీజిలు కారుటకు బదులు గాలి లోనికి పీల్చబడును. బయట తడి కనిపించకపోవచ్చును. ట్యాంకులో మట్టము తగ్గినకొలది ఈ లోపము హెచ్చగును. ఫీడ్ పంపుకు ముందు కొద్దిపాటి పారదర్శకపు డీజిలు గొట్టమును తాత్కాలికముగా అమర్చి చూచినచో బుడగలు వచ్చుచున్నదీ లేనిదీ తెలియును. బీటలు వారిన రబ్బరు గొట్టము, అణగిపోయిన రాగి వాషరు, గిన్నె క్రింది వలయము – ఈ మూడింటిని మొదట అనుమానించవలెను. పాత వాషరును గట్టిగా బిగించుటకంటె క్రొత్తది వేయుట మేలు.

ఆరవ మెట్టు: నాజిళ్లు, ఇంజెక్షన్ పంపు

పై ఐదు మెట్లును సరిగా నున్న తరువాతనే నాజిళ్ల సంగతి చూడవలెను. ఇంజను కుంటుచు నడచుట, తట్టుడు శబ్దము, బరువు పడినప్పుడు నల్లని పొగ, ఖర్చు పెరుగుట నాజిల్ లోపమునకు గుర్తులు. నాజిల్ తుంపరగా చిమ్ముటకు బదులు చుక్కలుగా కారినచో డీజిలు సగము మండియు మండక పిస్టనును కాల్చును, సిలిండరు గోడలపై నూనె పొరను కడిగివేయును.

నాజిళ్లను పరీక్షించు యంత్రము గల షాపులోనే చూపించవలెను. ఒత్తిడి సరిచూచి, తుంపర తీరు మీ కన్నులయెదుట చూపించుమని అడుగుడు. తిరిగి బిగించునప్పుడు క్రింది పాత రాగి వాషరు లోపల అంటుకొనియున్నదేమో చూడవలెను. దానిపై మరొకటి వేసినచో నాజిల్ ఉండవలసిన చోటికి దిగదు.

ఇంజెక్షన్ పంపును పొలముగట్టున విప్పరాదు. దానిపై సీలు వేసిన స్క్రూను "బలము వచ్చును" అని త్రిప్పించుట ఎంతమాత్రమును తగదు. డీజిలు ఎక్కువ పడును గాని దానిని మండించు గాలి పెరుగదు. వచ్చునది బలము కాదు, నల్లని పొగ. పోవునది మీ డబ్బు.

గుర్తును బట్టి కారణము

ఇంజను అసలు అందుకొనదు, పొగయు రాదు: డీజిలు నాజిల్ చేరుటలేదు. కొళాయి, ఆపు కడ్డీ, గాలి, ఫీడ్ పంపు చూడవలెను.

అందుకొనదు, తెల్లని పొగ వచ్చును: డీజిలు చేరుచున్నది గాని మండుటలేదు. ఇంజను చల్లగా నుండుట, డీజిలులో నీరు, స్టార్టరు నెమ్మదిగా తిరుగుట కారణములు.

కొంతసేపు నడచి ఆగును, ఆగి మరల నడచును: మూత రంధ్రము, ట్యాంకులో చెత్త.

ఇంజను వేగము హెచ్చుచు తగ్గుచు ఊగును: దారిలో గాలి.

బరువు పడినప్పుడు గుంజదు, పొగయు లేదు: ఫిల్టరు మూసుకొనిపోవుట, ఫీడ్ పంపు బలహీనత.

బరువు పడినప్పుడు నల్లని పొగ: మొదట గాలి శుద్ధిచేయు ఎయిర్ క్లీనరును చూడవలెను, పిదప నాజిళ్లు.

నీలిపొగ: ఇది డీజిలు లోపము కాదు, ఇంజను ఆయిలు మండుచున్నది. పిస్టను రింగులను, ఎయిర్ క్లీనరులో ఆయిలు మట్టమును చూపించవలెను.

ప్రమాదములు – తప్పక గుర్తుంచుకొనవలసినవి

ఇంజను నడచుచుండగా ఉక్కు గొట్టము ఎచ్చట కారుచున్నదో చేతితో తడిమి చూడరాదు. సన్నని చీలికనుండి వచ్చు డీజిలు ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. ఒక అట్టముక్కను దూరమునుండి అడ్డుపెట్టి చూచినచో తడి కనిపించును. ఒకవేళ ధార తగిలినచో గాయము సూది గుచ్చినంతగానే కనిపించును. నొప్పియు మొదట ఎక్కువగా ఉండకపోవచ్చును. అయినను అది చేతిని, ప్రాణమును సహితము పోగొట్టగల గాయము. కట్టుకట్టి ఇంటివద్ద నుండక, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పోవలెను. "ఒత్తిడితో డీజిలు చర్మము లోనికి పోయినది" అని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను.

ఇంజను అందుకొననప్పుడు పెట్రోలు తడిపిన గుడ్డను గాలి గొట్టమువద్ద పట్టుట మరొక చెడ్డ అలవాటు. పిస్టను పగులును, మంట ముఖమునకు తగులును. ఇది చేయరాదు.

డీజిలు నిల్వ

పీపాలో తెచ్చిన డీజిలును కదలించక ఒక రోజు ఉంచి, అడుగున కొంత వదలి పైది మాత్రమే తీసికొనవలెను. వడపోతకు సన్నని జల్లెడ గల గరాటు వాడవలెను. జింకు పూత గల డబ్బాలలో డీజిలు నిల్వచేయరాదు. జింకుతో కలిసి ఏర్పడు మడ్డి ఫిల్టర్లను మూయును. మామూలు ఇనుప పీపా గాని, డీజిలుకు తగిన ప్లాస్టిక్ డబ్బా గాని వాడవలెను.

2020 ఏప్రిల్ 1నుండి దేశమంతట భారత్ స్టేజి 6 డీజిలు అమ్మబడుచున్నది. ఇందు గంధకము పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించదు. గంధకము తగ్గినందున పాత పంపులు అరుగునను భయముతో కొందరు ఇంజను ఆయిలును కలుపుచున్నారు. ఇది అనవసరము. పంపును కాపాడు జిగి ఎంత ఉండవలెనో ప్రమాణములలో నిర్ణయింపబడియే ఉన్నది. కిరసనాయిలు కలుపుట మాత్రము నిజముగా హాని. దానికి ఆ జిగి లేదు.

సెకనుకొక చుక్క చొప్పున కారిన డీజిలు గంటకు సుమారు 180 మిల్లీలీటర్లు, పది గంటల పనిలో దాదాపు రెండు లీటర్లు అగును. ఒక వాషరు వెల ఎంతో, ఈ నష్టమెంతో రైతులే లెక్క చూచుకొనవచ్చును.

గ్రామాధికారులకు, సంఘములకు మనవి

యంత్రములను అద్దెకిచ్చు రైతు సంఘములు ప్రతి బండికి ఒక పుస్తకము పెట్టి, నడచిన గంటలు, పోసిన డీజిలు, ఫిల్టరు మార్చిన తేదీ వ్రాయించవలెను. గంటకు ఖర్చు క్రమముగా పెరుగుచున్నచో లోపము ముందుగానే తెలియును. రెండు ఫిల్టర్లు, వాటి వలయములు, అరడజను రాగి వాషర్లు, ఒక మూర రబ్బరు గొట్టము, సరియైన పానాలు ఎల్లప్పుడు బండి పెట్టెలో నుండవలెను. ఏరువాకకు నెల ముందే, పనులు లేని రోజులలో, పైన చెప్పిన ఆరు మెట్లను ఒకసారి పరీక్షించుట మంచిది.

అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. ట్రాక్టరు నడుపుట, దాని పోషణ అచ్చట నేర్పబడుచున్నవి. ప్రతి గ్రామమునుండి ఒక్క యువకుడో, యువతియో అచ్చట శిక్షణ పొంది వచ్చినచో, పదును రోజులలో మెకానిక్కు కొఱకు పట్టణము వైపు చూడవలసిన అవసరము చాలవరకు తప్పును.

బండి ఆగినప్పుడు తొందరపడకుడు. మూతనుండి మొదలుపెట్టి వరుస తప్పక చూడుడు. చాలసార్లు లోపము ఇంజెక్షన్ పంపు వరకు పోకముందే దొరకును. దుక్కియు అదేరోజు సాగును.